పక్కకు జరిగిన య వత్తు

పొద్దున్నే, వెలుగు ఇంకా పూర్తిగా విచ్చుకోకముందే, కుంచెమ్మ పెరట్లో బూడిదరంగు బండ ముందు కూర్చుంటుంది. పక్కన చెంబుడు నీళ్ళు, చేతిలో వెడల్పాటి పాత కుంచె. రంగేమీ ఉండదు. కుంచెని నీళ్ళలో ముంచి బండ మీద ఒక అక్షరం రాస్తుంది. తడి అక్షరం నల్లగా మెరుస్తుంది. తరవాత తలకట్టు చివర నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా మాయమవుతుంది. అది పూర్తిగా పోయేదాకా చూస్తుంది. పోయాక ఇంకోటి రాస్తుంది.

"ఎండకి ఉత్తరం రాస్తున్నావా వదినా?" అంటుంది వంటింటి గుమ్మంలో నిలబడి జడ వేసుకుంటూ ఆడపడుచు. "జవాబేమైనా వచ్చిందా?"

"వచ్చిందే. నీకు మిల్లుకి ఆలస్యమైందట."

ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. కుంచెమ్మకి యాభై రెండేళ్ళు. బోర్డులు, గోడలు, దుకాణాల తలుపులు, బళ్ళ వెనక నంబర్లు రాయడం ఆమె పని. అసలు పేరు ఒకటుంది గానీ బ్యాంకు పుస్తకంలో తప్ప ఎక్కడా వాడకంలో లేదు. ఆడపడుచుకి ముప్ఫై ఎనిమిది. తువ్వాళ్ళ మిల్లులో మూడో షెడ్డులో అంచులు కుడుతుంది. గంటకి ఎన్ని అంచులు కుడుతుందో అన్ని కబుర్లు చెబుతుంది కాబట్టి ఆమెని అందరూ బాబిన్ అంటారు. దారం అయిపోవాలే తప్ప మధ్యలో ఆగదని. పెళ్ళయిన రెండేళ్ళకే పుట్టింటికి తిరిగొచ్చేసింది. అన్న పోయి పదకొండేళ్ళయినా వదిన దగ్గరే ఉంది. "నేను నీ దగ్గర ఉండటం కాదు, నువ్వే మా నాన్న ఇంట్లో ఉంటున్నావు" అని పోట్లాట వచ్చినప్పుడల్లా గుర్తు చేస్తుంది. పోట్లాట అయ్యాక వదిన తలకి నూనె రాస్తుంది.

కుంచెమ్మకి పని నేర్పింది ఆ నాన్నే, అంటే ఆమె మామగారు. కొడుకు లారీ ఎక్కితే కోడలు నిచ్చెన ఎక్కింది. మామగారు అక్షరాన్ని ముందుగా సుద్దతో గీసుకోనిచ్చేవాడు కాదు. దారానికి సుద్ద పూసి గోడ మీద రెండు గీతలు కొట్టాలి, అంతే. ఆ గీతల మధ్య కంటితోనే కొలుచుకుని రాయాలి. ఇంకో పద్ధతి కూడా పెట్టాడు: ముందు ఒళ్ళు, తరవాత వత్తులు. పెద్ద కుంచెతో వరస మొత్తం అక్షరాల ఒళ్ళు రాసేసి, అది కాస్త ఆరాక, సన్న కుంచె పట్టుకుని మొదటికి వచ్చి, ఒక్కొక్క వత్తునే కింద తగిలించాలి. కుంచెలు మాటిమాటికీ మార్చే బాధ తప్పుతుంది, వత్తులన్నీ ఒకే ఎత్తులో కూర్చుంటాయి.

ఊపిరికి కూడా లెక్క ఉంది. తలకట్టుకి పీల్చు. గుండ్రం తిప్పేటప్పుడు వదులు. వత్తు దగ్గర ఆపు. వత్తు చిన్నది, దాని మీద ఊపిరి పడ్డా వణుకుతుంది అనేవాడు.

నిచ్చెన కింద నిలబడి ఉన్నట్టుండి కేకేసేవాడు. "అమ్మాయ్, ఎక్కడున్నావ్?"

ఆ ప్రశ్నకి ఒకటే రకం జవాబు చెప్పాలి. ఆ క్షణాన కుంచె ఎక్కడుందో అది. "మ కొమ్ము మీదున్నా మామయ్యా." "దీర్ఘం లాగుతున్నా మామయ్యా." ఒక్క క్షణం తడుముకుంటే కిందకి దింపేసేవాడు. "చెయ్యి ఇక్కడ పెట్టి నువ్వు ఊరు తిరుగుతున్నావు. దిగి నీళ్ళు తాగు" అనేవాడు. ఒకసారి ఆమె "గుడి దగ్గరున్నా" అంటే దారిన పోయే ముసలాయన ఆగి పైకి చూసి, "నిచ్చెన మీద ఉండి గుడి దగ్గరున్నానంటుందేంటయ్యా మీ కోడలు, మతి బాగానే ఉందా?" అని అడిగాడు. ఆ గోడ రాసినన్నాళ్ళూ మామాకోడళ్ళు నవ్వుతూనే ఉన్నారు.

ఇప్పుడు మామగారు లేడు. కింద నుంచి అడిగేవాళ్ళు లేరు. లోపల తనని తానే అడుగుతుంది.

ఆ ఏడాది అలా అడగాల్సిన అవసరం మరీ ఎక్కువైంది. రోజూ పది గంటలకి సైరన్ మోగేది. దేనికని అడిగితే సన్నాహం అన్నారు. దేనికి సన్నాహమో చెప్పలేదు. ధాన్యం దుకాణాల ముందు వరసలు మలుపు తిరిగి పక్క వీధిలోకి పాకాయి. ఫోన్లలో ఒకళ్ళు యుద్ధం అన్నారు, ఒకళ్ళు కరువన్నారు, ఇంకొకళ్ళు రెండూ అబద్ధం, అసలు సంగతి వేరే ఉంది అంటూ దాన్ని చెప్పకుండా ఊరించారు. ఆ భయాన్ని ఎవరో ఎక్కడో అమ్ముకుంటూనే ఉన్నారు. కొనుక్కున్నవాళ్ళకి మాత్రం నిద్ర పోయింది.

ఒకరోజు కుంచెమ్మ దుకాణం ముందు వరసలో నిలబడి ఉండగా, ఇంకా పాతికమంది ఉన్నారనగా, షట్టరు ధడాల్న కిందకి పడింది. అంతే. ఆమె గుండె ఎవరో తరుముతున్నట్టు కొట్టుకుంది. చేతులు చల్లబడ్డాయి. తను చచ్చిపోతోందనుకుంది. పోలేదు. ఇటుకల మీద కూర్చోబెట్టి ఎవరో కొంగుతో విసిరారు. ఆ తరవాత దడ చెప్పకుండా రావడం మొదలుపెట్టింది. నిచ్చెన మీద రాకుండా ఉంటే చాలని ఆమె దిగులు. చెయ్యి వణికిందంటే ఈ పనిలో అన్నం ఉండదు.

వీధి ఆసుపత్రిలో డాక్టరమ్మ గుండె పరీక్ష చేసి ఏమీ లేదంది. వెంటనే సర్దుకుంది. "ఏమీ లేదంటే గుండెలో ఏమీ లేదని. నీకున్నది భయం. అది కూడా జబ్బే, సిగ్గుపడకు." మాత్రలు రాసింది. ఫోను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మాత్రమే చూడమంది. "నీకు బాగా వచ్చిన పని ఏదైనా రోజూ కాసేపు ఊరికే చెయ్యి. ఎవరికోసమూ కాకుండా."

అలా మొదలయ్యాయి నీళ్ళ అక్షరాలు. మాత్రలు సగం పని చేశాయి, బండ సగం చేసింది. పొద్దున్నే చల్లటి గాలిలో ఒక 'అ' ఆరిపోవడానికి ఎంతసేపు పడుతుందో, చలి ముదిరే రోజుల్లో ఎంత ఆలస్యంగా పోతుందో ఆమెకి తెలిసిపోయింది. పోతున్న అక్షరం వెంట చూపు వెళితే మనసు కూడా వెళ్ళేది. రెండు నెలల్లో దడ వారానికొకసారికి తగ్గింది. ఒక్కోసారి ఆ బండ ముందు కూర్చుంటే, ఊళ్ళో గోడల మీద తను ముప్ఫై ఏళ్ళుగా రాసినవన్నీ కూడా ఇలాగే మెల్లగా ఆరిపోతున్నట్టు, వాటి వెనక గోడలు మళ్ళీ శుభ్రంగా, ఏమీ చెప్పకుండా నిలబడినట్టు అనిపించేది. అది దిగులుగా ఉండేది కాదు. హాయిగా ఉండేది.

అలాంటి రోజుల్లో మిల్లు నుంచి కబురొచ్చింది.

మేనేజరు గదిలో ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. ఆయన రెండు కాగితాలు ఆమె ముందు పెట్టాడు.

"మొదటిది ఇవాళే రాయాలి. గేటు లోపలి గోడ మీద, నీలం రంగు. రేపు పొద్దున్నుంచే మొదలు."

కాగితం మీద ఇలా ఉంది: 'కార్మికులందరికీ ఉచిత ధ్యానం. ప్రతి ఉదయం షిఫ్టుకు ముందు, మిల్లు ఆవరణలో. దుప్పటి ఎవరిది వారు తెచ్చుకోవలెను.'

"మంచి పనే సార్" అంది కుంచెమ్మ, మనస్ఫూర్తిగానే. ఆమెకి తెలుసు కదా అది ఎంత అవసరమో.

"అందరూ కంగారుగా ఉన్నారమ్మా. కంగారులో కుట్లు తప్పుతున్నాయి. మనసు కుదుటపడాలి" అన్నాడాయన. తరవాత రెండో కాగితం మీద వేలు పెట్టాడు. "ఇది వచ్చే సోమవారం తెల్లారేసరికి గేటు బయట ఉండాలి. ఎర్ర రంగు, పెద్ద అక్షరాలు. రంగు తెచ్చుకుంటావని ముందే ఇస్తున్నా. అప్పటిదాకా నోరు విప్పకు. నీ మీద నమ్మకంతో చెబుతున్నా."

'సోమవారం నుండి మూడవ షెడ్డు మూసివేయబడును.'

కుంచెమ్మ ఆ వరసని రెండుసార్లు చదివింది. మూసివేయబడును. ఎవరు మూస్తారో చెప్పని మాట. తలుపు దానంతటదే నిద్రొచ్చి మూసుకుంటున్నట్టు రాశారు. ఎన్ని గోడల మీద ఎన్నిసార్లు రాసిందో ఆ 'బడును'! కూల్చివేయబడును, తొలగింపబడును, శిక్షింపబడుదురు. రాసిన ప్రతిసారీ గజానికింత కూలి అన్న లెక్కనే చూసింది గానీ, దాని వెనక చెయ్యి ఎవరిదని ఎప్పుడూ అడగలేదు. మూడో షెడ్డులో నూట అరవై మంది ఆడవాళ్ళు. అందులో కిటికీ పక్క మిషను బాబిన్‌ది.

"అర్థమైందా?" అన్నాడు మేనేజరు.

తల ఊపింది. రెండు కాగితాలూ మడిచి సంచిలో పెట్టుకుంది.

గోడకి సున్నం కొత్తగా కొట్టి ఉంది. బాయిలరు గది నుంచి ఆవిరి తెరలు తెరలుగా వచ్చి గోడకి తగిలి విడిపోతోంది. దారం కొట్టింది, నిచ్చెన వేసింది, నీలం డబ్బా మూత తీసింది. పెద్ద కుంచెతో మూడు వరసల ఒళ్ళూ రాసింది. మొదటి వరస 'కారికులందరికీ ఉచిత ధానం' అని నిలబడింది, వత్తుల కోసం ఎదురుచూస్తూ. బాగానే వచ్చింది. దిగి నీళ్ళు తాగింది. మూడో షెడ్డు నుంచి మిషన్ల చప్పుడు వానలా వినిపిస్తోంది. ఆ వానలో ఏ చినుకు బాబిన్‌దో విందామని చెవి పెట్టింది.

సన్న కుంచె పట్టుకుని మళ్ళీ ఎక్కింది. 'రి' కింద మ వత్తు తగిలించింది. నిచ్చెన జరుపుకుంది. ఇంక య వత్తు. సరిగ్గా అప్పుడే పది గంటల సైరన్ మోగింది.

ఊపిరి ఆపింది. కానీ ఆమె అక్కడ లేదు. సోమవారంలో ఉంది. గేటు బయట ఎర్ర అక్షరాల కింద నిలబడి, సద్ది గిన్నె పట్టుకుని పైకి చూస్తున్న బాబిన్ ముఖంలో ఉంది. చెయ్యి తన పని తాను చేసింది. మనసు ఒక్క అక్షరం ముందుకి వెళ్ళింది, చెయ్యి దాని వెంట వెళ్ళింది. 'ధ' కింద కూర్చోవలసిన య వత్తు 'న' కింద కూర్చుంది.

వత్తు మాత్రం ముచ్చటగా కుదిరింది. కుంచెమ్మ మిగతా వరసల వత్తులూ తగిలించి కిందకి దిగి, సామాను సర్దుకుని, గోడకేసి ఒకసారి చూసింది. నీలం మీద కన్ను పడింది గానీ మాట మీద పడలేదు. వెళ్ళిపోయింది.

సాయంత్రం బాబిన్ ఇంట్లోకి గాలిలా వచ్చింది.

"వదినా, రాశావులే ఎంత మంచి మాట! షెడ్డు షెడ్డంతా పొంగిపోయింది. నీ గళ్ళ దుప్పటి ఇవ్వు, అది పెద్దది."

కుంచెమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరగలేదు. "కూర్చోడానికి చిన్నది చాలదా?"

"కూర్చుంటే ఏం మిగులుతుందే తల్లీ! ముందు నిలబడాలి. మా లైనులో అందరం ఐదింటికే వెళ్దామనుకున్నాం."

"అంత పెందరాళేనా? అది ఎంత నిదానంగా తీసుకుంటే అంత మంచిదట."

"నువ్వు నిదానంగా తీసుకో. వెనకున్నవాళ్ళు ఊరుకుంటారా?" బాబిన్ అటకెక్కి రెండు సంచులు కూడా దులిపింది. "రోజూ అట, వదినా. ప్రతి ఉదయం! మేనేజరు ముఖం చూస్తే చెయ్యి విదిల్చే రకంలా లేడు. మనం ఊరికే తిట్టుకున్నాం పాపం."

సంచులెందుకని అడగాలి కదా. మామూలు రోజైతే అడిగేది. ఆ సాయంత్రం ఆమెకి బాబిన్ మాటలు నీళ్ళ అడుగు నుంచి వినిపిస్తున్నట్టు ఉన్నాయి. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, అన్నం పెట్టాక చెప్పాలి, తిన్నాక చెప్పాలి. చెబితే ఈ పిల్ల రాత్రంతా నిద్రపోదు. చెప్పకపోతే ఇంకో ఐదు రోజులు నవ్వుతుంది. ఐదు రోజుల నవ్వుని కాపాడటం ప్రేమా, దొంగతనమా? అన్నం గిన్నె ముందు పెట్టింది. బాబిన్ తింటూ పాత పాటేదో కూనిరాగం తీసింది. కుంచెమ్మ గుండె దడదడలాడింది. గోడకి ఆనుకుని, వేలితో గోడ మీద 'అ' రాసుకుంది. పీల్చు. వదులు. దడ తగ్గింది. చెప్పని మాట మాత్రం అక్కడే ఉంది. ఊపిరికి లొంగే రకం కాదది.

మర్నాడు పొద్దున పొగమంచు దట్టంగా ఉంది. అంచుకి గీత వేసే పని మిగిలిందని కుంచెమ్మ కూడా బాబిన్‌తో బయల్దేరింది. దారి పొడవునా మంచులోంచి ఆడవాళ్ళు తేలివస్తున్నారు. భుజాల మీద దుప్పట్లు, చంకలో సంచులు, ఒకామె తల మీద ఖాళీ డబ్బా. మాటలు వినబడుతున్నాయి గానీ ముఖాలు కనబడటం లేదు. ఊరంతా ఏదో మంచి కలలోకి నడిచిపోతున్నట్టు ఉంది.

"డబ్బా ఎందుకే ఆమెకి?" అంది కుంచెమ్మ.

"దుప్పటి చిరుగులదేమో. కారిపోతుంది కదా."

"ఏం కారిపోతుంది?"

"ధాన్యం, వదినా! నిద్రపోతున్నావా నడుస్తూ?"

కుంచెమ్మ కాళ్ళు ఆగిపోయాయి. అప్పటికే గేటు దాటారు. మంచులోంచి గోడ మెల్లగా ముందుకొచ్చింది. తన నీలం అక్షరాలు. 'కార్మికులందరికీ ఉచిత ధాన్యం.'

య వత్తు 'న' కింద, బొద్దుగా, హాయిగా కూర్చుని ఉంది.

మూడు షెడ్ల ఆడవాళ్ళూ, కొందరు మగవాళ్ళూ ఆవరణ నిండా వరస కట్టి ఉన్నారు. వరస ముందు, నేల మీద చిన్న చాప వేసుకుని, ఒక చిన్న గంట ముందు పెట్టుకుని పాతికేళ్ళ అమ్మాయి కూర్చుని ఉంది. ధ్యానం నేర్పడానికి పిలిపించిన మేడమ్. ఇంతమంది వస్తారని ఆమె అనుకోలేదు. కళ్ళు చెమ్మగిల్లాయి.

"అందరూ దుప్పట్లు పరుచుకోండమ్మా" అంది.

పరిచారు. ఒక్కసారిగా అన్ని దుప్పట్లూ రెపరెపలాడి నేల మీద వాలాయి. ఎవరూ కూర్చోలేదు. నాలుగు కొసలూ పట్టుకుని మూట కట్టడానికి సిద్ధంగా నిలబడ్డారు.

"కళ్ళు మూసుకోండి" అంది మేడమ్.

"ఎందుకమ్మా?" అంది డబ్బా ఆమె. "కళ్ళు మూసుకుంటే తూకం ఎవరు చూస్తారు?"

మేడమ్‌కి అర్థం కాలేదు. ఆమె చూపులు జనాన్ని దాటి గోడ మీద పడ్డాయి. మేనేజరు కూడా అప్పుడే గదిలోంచి బయటికొచ్చి చదివాడు. ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది. "ధ్యానం! ధ్యానమమ్మా! రాసినామె తప్పు రాసింది!"

మొదట ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత ఆవరణంతా నవ్వింది. ఆకలితో ఉన్నవాళ్ళు నవ్వితే ఆ నవ్వు చివర ఒక జీర ఉంటుంది. అది వినబడేసరికి నవ్వు ఆగిపోయింది.

"ఊపిరి పీల్చుకోమని చెప్పడానికా సార్ దుప్పట్లు తెమ్మన్నారు? ఊపిరికి మూటెందుకు?"

"పీల్చుకుంటూనే ఉన్నాంగా ఇన్నాళ్ళూ, అదొక్కటే వరస లేకుండా దొరికేది!"

"కుంచెమ్మా, నీ చేతికి దండం. దిద్దకు. అలాగే ఉంచు. వాళ్ళనే దిద్దుకోమను, ధాన్యం తెచ్చి!"

మేనేజరు కుంచెమ్మని చూశాడు. "నిలబడ్డావేం? ఎక్కు. ఇప్పుడే దిద్దు. అందరి ముందూ."

ఆమె నిచ్చెన ఎక్కింది. సిగ్గుతో చెవులు మండుతున్నాయి. ముప్ఫై ఏళ్ళలో ఒక్క వత్తు తప్పలేదు. టర్పెంటైను గుడ్డతో 'న' కింద తుడిచింది. రంగు ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు, వచ్చేసింది. నీలం మరక మిగిలింది. ఇప్పుడు గోడ మీద మళ్ళీ 'ధానం' అని ఉంది. తిండీ కాదు, శాంతీ కాదు. సన్న కుంచె ముంచింది. 'ధ' కిందకి తెచ్చింది. ఊపిరి ఆపింది.

కుంచె గోడకి తగల్లేదు.

వేలెడు దూరంలో ఆగిపోయింది. కుంచె కొస నుంచి ఒక నీలం చుక్క జారి కింద మట్టిలో పడింది. మంచులో అందరూ పైకి చూస్తున్నారు. నిన్న ఈ వత్తు ఎందుకు జరిగిందో ఆమెకి తెలుసు. ఇప్పుడు దాన్ని ఇక్కడ పెట్టి దిగిపోతే, వీళ్ళంతా దుప్పట్ల మీద కూర్చుని కళ్ళు మూసుకుంటారు. కళ్ళు తెరిచేసరికి సోమవారం వచ్చి ఉంటుంది. కళ్ళు మూయించడానికే కదా ఈ వత్తు!

గుండె దడ మొదలైంది. నిచ్చెన మీద. ఇన్నాళ్ళూ ఏది రాకూడదనుకుందో అదే. పక్క కర్రని గట్టిగా పట్టుకుంది.

కింద బాబిన్‌కి అది కనబడింది. నిచ్చెన దగ్గరికి పరిగెత్తుకొచ్చి రెండు చేతులతో పట్టుకుంది. చిన్నప్పుడు రంగుల డబ్బాల మధ్య ఆడుకుంటూ వెయ్యిసార్లు విన్న మాట ఆమె నోట్లోంచి వచ్చింది, అచ్చం వాళ్ళ నాన్న గొంతులా.

"వదినా! ఎక్కడున్నావ్?"

ఆ ప్రశ్నకి నిజమే చెప్పాలి. అది ఆ ఇంటి నియమం.

"సోమవారం దగ్గరున్నానే" అంది కుంచెమ్మ.

"ఏంటి?"

"నిన్నటినుంచీ సోమవారం దగ్గరే ఉన్నాను. అందుకే చెయ్యి జారింది." ఆమె పక్క కర్ర వదలకుండానే చెప్పింది. "సోమవారం గేటు బయట ఇంకో బోర్డు రాయమన్నారు. ఎర్ర రంగుతో. మూడో షెడ్డు మూసేస్తున్నారు. కాగితం నా సంచిలో ఉంది. నీకు నిన్నే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. తప్పు నాదే."

బాబిన్ నిచ్చెన వదల్లేదు. పైకి చూస్తూనే ఉంది. "దిగు ముందు" అంది. "తిట్టాలి నిన్ను. పైనుంటే అందవు."

కుంచెమ్మ దిగింది. బాబిన్ ఆమె సంచిలోంచి కాగితం తీసి గట్టిగా చదివింది. "మూసివేయబడును" దగ్గర ఆగి, "ఎవరిచేత?" అంది. మేనేజరు వైపు తిరిగి మళ్ళీ అడిగింది. "ఎవరిచేత సార్? పేరుంటుంది కదా?"

ఆయన షిఫ్టు మొదలైందన్నాడు. ఎవరూ కదల్లేదు. డబ్బా ఆమె తన డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది. "ధ్యానం చేయమన్నారుగా. చేస్తాం. ఉచితమేగా" అంది. ఒకరి తరవాత ఒకరు దుప్పట్ల మీద కూర్చున్నారు. మూడో షెడ్డు ముందు, ఆ వెనక రెండో షెడ్డు, కాస్త సందేహించి ఒకటో షెడ్డు. బాబిన్ గళ్ళ దుప్పటి పరిచి వదినని పక్కన కూర్చోబెట్టుకుంది. తిట్లు మాత్రం మానలేదు. చెవిలో సన్నగా ఒక్కొక్కటే కుడుతూ పోయింది. "ఐదు రోజులు దాస్తావా? నేనేమైనా చంటిపిల్లనా? మా నాన్న ఉంటే నిన్ను ఆర్నెల్లు నిచ్చెన ఎక్కనిచ్చేవాడు కాదు." తిడుతూనే వదిన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా చల్లగానే ఉంది.

ధ్యానం మేడమ్ గంట వైపూ మేనేజరు వైపూ చూసింది. ఆమెదీ రోజు కూలీ లాంటి పనే. పిలిస్తే వస్తుంది, వద్దంటే లేదు. "నాకీ సంగతి చెప్పలేదు సార్" అంది. తన చాప తెచ్చి ఆడవాళ్ళ వరసలో వేసుకుంది. కాసేపయ్యాక చిన్నగా, "కళ్ళు తెరుచుకునే చేద్దాం" అంది.

పది గంటలకి సైరన్ మోగింది. అంతమందీ అలాగే కూర్చున్నారు. కుంచెమ్మ ఊపిరి పీల్చింది, వదిలింది. ఆ చప్పుడు ఆమె మీదుగా పోయి ఎక్కడో దూరంగా, ఆరిపోతున్న అక్షరంలా సన్నబడింది. దడ రాలేదనలేం. వచ్చింది. కానీ మూడు షెడ్ల మనుషుల మధ్య వచ్చింది. అంతమంది మధ్య అది చిన్నగా ఉంది.

నాలుగు పొద్దులు అలాగే కూర్చున్నారు. ఐదో రోజు పై ఆఫీసు నుంచి పేరున్న మనిషి ఒకాయన వచ్చి ఒప్పందం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. మూడో షెడ్డు మూతపడలేదు. వారానికి నాలుగు రోజులే నడుస్తోంది. మూడు షెడ్లూ ఆ తగ్గిన పనిని పంచుకున్నాయి. గెలుపంటే గెలుపు కాదు, ఓటమీ కాదు. బాబిన్‌కి కిటికీ పక్క మిషను ఉంది, అది ఈ చలికాలానికి నిజం. వచ్చే చలికాలం సంగతి ఎవరూ చెప్పలేరు. కుంచెమ్మకి ఆ మిల్లు పని మళ్ళీ ఇవ్వలేదు. ఎర్ర రంగు డబ్బా మూత తీయకుండానే అటక మీదుంది.

గోడ మీది నీలం రాతని దిద్దడానికి వాళ్ళు ఇంకెవరినో పిలిచారు. వచ్చినవాడు విషయం విని కుంచె కడిగేసుకుని వెళ్ళిపోయాడట. అందుకని ఆ వరస అలాగే ఉంది, య వత్తు లేకుండా. కొత్తగా పనిలో చేరినవాళ్ళు అది చదివి అర్థం కాక అడుగుతారు. పాతవాళ్ళు మొదటినుంచీ చెబుతారు.

నిన్న పొద్దున కూడా కుంచెమ్మ బండ ముందు కూర్చుంది. సైరన్లు ఇంకా ఆగలేదు, దుకాణాల వరసలు ఇంకా తరగలేదు. బాబిన్ జడ వేసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఎక్కడున్నావ్ వదినా?"

"య వత్తు దగ్గర."

"ఏ అక్షరం కింద?"

కుంచెమ్మ వంగి చూసింది. తలకట్టు పోయింది, అక్షరం ఒళ్ళూ పోయింది. వత్తు ఒక్కటే బండ మీద ఇంకా తడిగా మెరుస్తోంది.

"నువ్వు వచ్చి చూడు" అంది. "తొందరగా రా, ఆరిపోతోంది."